కెర్నెల్ మరమ్మతు : లోపలి అతుకులు మారవచ్చునా?

లాలాపేటకు చేరువనున్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపు నిజాము కాలము నాటిది. ప్రయాణికుల పెట్టెలను నియమిత కాలమున అచటికి తెచ్చి, చక్రములు మొదలు కిటికీల వరకు విప్పి, అరిగినవానిని సవరించి మరల పట్టాలమీదికి పంపుచుందురు. ఈ పనిలో ఒక చిన్న సంగతి గమనింపదగినది. అరిగిన చక్రమును లేతుయంత్రముమీద తరిణిపట్టినప్పుడు దాని వ్యాసము కొంత తగ్గును. దానితో పెట్టె అంతయు ఆ మేరకు క్రిందికి దిగును. పెట్టె రెండు చివరలనుండు బఫర్లు కూడ దిగును. పాత పద్ధతి పెట్టెలలో బఫరు ఎత్తు ఖాళీగా నున్నప్పుడు పట్టానుండి 1105 మిల్లీమీటర్లకు మించరాదనియు, నిండు బరువుతో నున్నప్పుడు 1030 మిల్లీమీటర్లకు తగ్గరాదనియు నియమము. కాబట్టి పనివారు స్ప్రింగు క్రింద తగిన మందముగల రేకువలయము నొకదానిని చొప్పించి, పోయిన ఎత్తును పూడ్తురు. పెట్టె లోపల ఎన్ని మార్పులు జరిగినను, ప్రక్క పెట్టెతో కలియుచోట మాత్రము పూర్వపు కొలతయే ఉండవలెను. ఏలయనగా ఆ ప్రక్క పెట్టె తిరుపతిలోనో పెరంబూరులోనో సవరింపబడినది కావచ్చును. దానిని సవరించినవారికి ఈ పెట్టె సంగతి తెలియదు.

కంప్యూటరు లోపలగూడ ఇట్టి అతుకులు అనేకములు కలవు. వానిలో ముఖ్యమైనవి ఆపరేటింగ్ వ్యవస్థకు గుండెవంటిదగు కెర్నెల్‌లో నుండును. కెర్నెల్ అనగా గింజ. మనము వ్రాయు లెక్కల ప్రోగ్రాము, బొమ్మలు చూపు ప్రోగ్రాము మొదలగునవన్నియు దాని పైపొరలు. జ్ఞాపకశక్తిని ఎవరికెంత పంచవలెను, ప్రాసెసరును ఏ ప్రోగ్రామునకు ఎంతసేపు ఈయవలెను, డిస్కుమీద వ్రాత ఎట్లు జరుగవలెను అను నిర్ణయములు కెర్నెల్ చేయును. మీట, తెర, ముద్రణయంత్రము, ప్రయోగశాలలోని కొలత పరికరము వంటి ఒక్కొక్క ఉపకరణముతో మాటలాడుటకు కెర్నెల్‌కు ఒక్కొక్క దుబాసి కావలెను. ఆ దుబాసికే డ్రైవరు అని పేరు. కొన్ని డ్రైవర్లు కెర్నెల్‌తోపాటే పుట్టి పెరుగును. మరికొన్నింటిని ఉపకరణము నమ్మిన కంపెనీవారు విడిగా తయారుచేసి ఇత్తురు. ఇవి మాడ్యూలు రూపమున, పనిచేయుచున్న కెర్నెల్‌లోనికి వచ్చి చేరును.

కెర్నెల్‌కు రెండు సరిహద్దులు కలవని గ్రహించినచో మిగిలిన విషయము సులభమగును. మొదటిది ప్రోగ్రాములకును కెర్నెల్‌కును నడుమ నున్నది. ‘ఈ ఫైలు తెరువుము, ఇన్ని బైట్లు చదువుము’ అని ప్రోగ్రాము కోరుటకు ఏర్పడిన పద్ధతులను సిస్టమ్ కాల్స్ అందురు. లినక్స్ కెర్నెల్‌ను 1991లో హెల్సింకీలో ప్రారంభించిన లినస్ టోర్వాల్డ్స్ ఈ సరిహద్దు విషయమున బహు కఠినుడు. నిన్న పనిచేసిన ప్రోగ్రామును నేటి కెర్నెల్ చెడగొట్టరాదనునది అతని మొదటి నియమము. రెండవ సరిహద్దు కెర్నెల్ లోపలిది. కెర్నెల్ భాగములు ఒకదానినొకటి పిలుచుకొను ఫంక్షన్లును, అవి కలిసి వాడుకొను దత్తాంశ పట్టికలును ఇందు చేరును. దీనిని గూర్చి లినక్స్‌వారు అట్టి వాగ్దానమేదియు చేయలేదు. చేయబోమనియు, ఏల చేయమో కూడ వివరించుచు గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ వ్రాసిన పత్రము కెర్నెల్‌తో వచ్చు గ్రంథములలోనే కలదు. మొదటి సరిహద్దు స్థిరమనియు, రెండవది మారుచుండుననియు తెలియక ఈ రెంటిని ఒకటిగా భావించుటవలన చాల గందరగోళము కలుగుచున్నది.

లోపలి అతుకు మారినచో వాటిల్లు ప్రమాదమెట్టిదో ఒక తరగతి హాజరుపట్టీతో చూడవచ్చును. పట్టీలో మొదటి గడి వరుస సంఖ్య, రెండవది పేరు, మూడవది వయస్సు అనుకొనుడు. గుమాస్తాకు గడుల పేర్లు చదువుట రాదు. ‘మూడవ గడిలోని అంకెను తెచ్చి సగటు కట్టుము’ అని మాత్రమే అతనికి చెప్పినారు. ప్రధానోపాధ్యాయుడు ఒకనాడు పేరునకును వయస్సునకును నడుమ ‘ఎత్తు’ అను క్రొత్త గడిని చేర్చినాడు. పట్టీని చదువగల ఉపాధ్యాయునకు చిక్కు లేదు. గుమాస్తా మాత్రము సెంటీమీటర్లను ఏండ్లుగా భావించి, తరగతి సగటు వయస్సు 150 అని వ్రాసి ఈయగలడు. తాను తప్పుచేసినట్లు అతనికి తెలియనుకూడ తెలియదు.

కంపైలరు మన ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చునప్పుడు సరిగా ఇట్టి గుమాస్తానే తయారుచేయుచున్నది. సి భాషలో వ్రాసిన డ్రైవరులో ‘వయస్సు’ అను పేరున్నను, యంత్రభాషలో ఆ పేరు మిగులదు. ‘పట్టిక మొదటినుండి 8వ బైటు వద్దనున్న అంకె’ అను కొలత మాత్రమే మిగులును. మరమ్మతు చేసినవాడు పట్టిక నడుమ నాలుగు బైట్ల గడి నొకదానిని చేర్చినచో పాత అంకె 12వ బైటునకు జరుగును. క్రొత్త పట్టికను చూచి మరల కంపైలు చేయబడిన డ్రైవర్లకు బాధలేదు. పూర్వము కంపైలై పెట్టెలో మూతవేసి పంపబడిన డ్రైవరు 8వ బైటునకే పోవును. అది అచట చదువుటయే కాక వ్రాయుచో ఫలితము మరింత విపరీతము. మరొక భాగము నమ్ముకొనియున్న అంకె చెడును. యంత్రము అప్పుడే ఆగవచ్చును, లేదా వారము దినముల తరువాత సంబంధమే లేని మరొకచోట ఆగవచ్చును. ఇట్టి దోషమును పట్టుకొనుట నిపుణులకును కష్టమే.

మరి లోపలి అతుకులను మార్చుట ఏల? కుదురుగా నుంచరాదా? ఇది న్యాయమైన ప్రశ్నయే. యు.ఎస్.బి. ఉపకరణములతో వ్యవహరించు కెర్నెల్ భాగము దీనికి మంచి సమాధానము. ఆ భాగపు లోపలి పద్ధతులు కనీసము మూడు పర్యాయములు తిరిగి నిర్మింపబడినవి. మొదట దత్తాంశము పోయి వచ్చువరకు డ్రైవరు కాచుకొని యుండెడిది; పిమ్మట పనిని అప్పగించి తన దారిన తాను పోవు పద్ధతి వచ్చినది; అందువలన వేగము హెచ్చి డ్రైవర్లు సరళములైనవి. తరువాత, ఒకరికై ఒకరు ఎదురుచూచుచు ఇరువురును నిలిచిపోవు చిక్కును తొలగించుటకై కట్టల కేటాయింపు పద్ధతిని మార్చిరి. పాత పద్ధతులను గూడ నిలిపియుంచి, ఎవరికి కావలసినది వారు వాడుకొనుడని వదలినచో, పాత దోషములను గూడ శాశ్వతముగా పోషింపవలసి వచ్చును. కెర్నెల్‌లోనే పెరుగు డ్రైవర్లకు ఈ మార్పుల భారము లేదు. అతుకును మార్చినవాడే దానిని వాడుచున్న అన్ని డ్రైవర్లను ఆ మార్పుతోనే సవరింపవలెననునది అచటి మర్యాద. బయటనున్న డ్రైవరునకు ఆ ఆదరణ లేదు.

ఇంతవరకు చెప్పినది క్రొత్త కెర్నెల్ విడుదలలను గూర్చి. తొమ్మిది పది వారములకొక క్రొత్త విడుదల వచ్చును. అందు మార్పులుండుట అందరెరిగినదే. ఇక మరమ్మతు విడుదలల సంగతి వేరు. వాని పుట్టుక గమనింపదగినది. 2004 ఆగస్టులో వెలువడిన 2.6.8 విడుదలలో వలయము ద్వారా ఫైళ్ళను పంచుకొను ఎన్.ఎఫ్.ఎస్. భాగమున పెద్ద దోషము బయటపడగా, ఆ ఒక్క దోషమును సవరించి 2.6.8.1 అను నాలుగంకెల విడుదలను హడావుడిగా ఇయ్యవలసి వచ్చినది. 2005 మార్చిలో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్, క్రిస్ రైట్ అనువారు ఈ పనిని నియతముగా చేపట్టి 2.6.11.1తో ఆరంభించిరి. వారి నియమములు కఠినమైనవి. సవరణ నిజముగా జనులను బాధించు దోషమునకే ఉండవలెను. చుట్టుప్రక్కల పంక్తులతో కలిపి 100 పంక్తులు మించరాదు. సరియైనదని చూడగనే తెలియవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, అది ముందు ప్రధాన కెర్నెల్‌లో చేరియుండవలెను. ఈ చివరి నియమము వ్యర్థము కాదు. పాత విడుదలను మాత్రము సవరించి క్రొత్తదానిని మరచినచో, పై విడుదలకు మారినవానికి నయమైన జబ్బు తిరుగబెట్టును.

ఈ నియమములలో లోపలి అతుకులు మారరాదను మాట ఎచ్చటను లేదని చదువరులు గమనింపవలెను. ‘స్థిర విడుదల’ అను పేరువిని, అందు సమస్తమును స్థిరముగా నుండునని చాలమంది తలచుచున్నారు. ఆ పేరు కొంత మోసపుచ్చునదే. స్థిరమైనది నడక, నిర్మాణము కాదు. దోషమును సవరించుటకు ఒక ఫంక్షనునకు మరొక వివరమును అందింపవలసియున్నచో, మరమ్మతు విడుదలలోను ఆ ఫంక్షను మారును.

2019లో ఇట్టి వివాద మొకటి జరిగినది. ప్రాసెసరులో దశాంశములతోను, పెద్ద అంకెల గుంపులతోను ఒక్కమారుగా లెక్కచేయుటకు ప్రత్యేకమైన రిజిస్టర్లు కలవు. సామాన్యముగా ఇవి ప్రోగ్రాముల సొత్తు; కెర్నెల్ వానిని తాకదు. తాకవలసివచ్చినప్పుడు ప్రోగ్రాము వదలిన అంకెలను ముందు భద్రపరచి, పని ముగిసిన పిదప సరిచూచి ఇయ్యవలెను. ఇందులకు కెర్నెల్‌లో రెండు జతల ఫంక్షన్లుండెడివి. అందొక జతను కెర్నెల్ లోపలి మాడ్యూళ్ళేవియు వాడుటలేదని 5.0 విడుదలకు ముందు గుర్తించి, బయటి మాడ్యూళ్ళకు అందకుండ దాచివేసిరి. ఆ మార్పు అంతటితో ఆగలేదు, 2019లోనే 4.14, 4.19 శ్రేణుల మరమ్మతు విడుదలలలోనికి గూడ దిగినది. జెడ్.ఎఫ్.ఎస్. అను ఫైలు వ్యవస్థ లినక్స్ కెర్నెల్‌కు బయటనే పెరుగుచున్నది. లైసెన్సుల పొత్తు కుదరకపోవుట దీనికి కారణము. అది డిస్కుమీది దత్తాంశమును సరిచూచు లెక్కలకు ఆ జతనే నమ్ముకొనియుండెను. మరమ్మతు విడుదలకు మారినవారికి ఆ సహాయము హఠాత్తుగా తొలగినది. లెక్కలు తప్పలేదు కాని మందగించినవి. లోపల వాడువారెవ్వరును లేని ఫంక్షనును బయటివారికొరకై నిలుపబోమని కెర్నెల్ పోషకులు నిష్కర్షగా చెప్పిరి. జెడ్.ఎఫ్.ఎస్. రచయితలు పిమ్మట ఆ రిజిస్టర్లను తామే భద్రపరచుకొను ఉపాయమును వ్రాసికొనిరి.

ఇందు న్యాయము ఎవరి పక్షమున నున్నది? ప్రధాన కెర్నెల్ వరకు పోషకుల వాదము బలమైనదే. కాని దోషమేదియు సవరింపని మార్పు మరమ్మతు విడుదలకు ఏల దిగవలెనను ప్రశ్నకు వారి సమాధానము అంత బలముగా లేదు.

దీనికి ముందటి సంవత్సరపు సంఘటన మరొక రకమైనది. 2018 జనవరి 3వ తేదీన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అను లోపములు లోకమునకు వెల్లడియైనవి. ఇవి ప్రాసెసర్లలోనే ఉన్న లోపములు. ఒక ప్రోగ్రాము తనకు చూపరాని రహస్యములను, ప్రాసెసరు ముందుగా ఊహించి చేయు పనుల జాడనుబట్టి పసిగట్టగలదని తేలినది. స్పెక్టర్‌లోని ఒక రకమునకు ‘రెట్‌పొలీన్’ అను కంపైలరు ఉపాయము విరుగుడు. అయితే కెర్నెల్‌ను మాత్రమే ఆ విధముగా కంపైలు చేసిన చాలదు. అందులో చేరు ప్రతి మాడ్యూలును అట్లే కంపైలు కావలెను. లేనిచో కోటకు గోడకట్టి దిడ్డితలుపు తెరచినట్లగును. అందుచేత రెట్‌పొలీన్ లేని మాడ్యూళ్ళను కెర్నెల్ దగ్గరకు రానీయకుండ, మాడ్యూలు మీద ముద్రించు గుర్తులో ఆ మాటను గూడ చేర్చిరి. భద్రత దృష్ట్యా ఇది సబబే. ఫలితమేమనగా, అంతవరకు చక్కగా పనిచేయుచున్న పాత మాడ్యూళ్ళు ఒక్కమారుగా వెలియగును. పంపిణీదారులు దీని కంగీకరింపకపోగా, ఆ జనవరిలోనే, 4.15 విడుదలకు ముందే, ఆ గుర్తును తొలగించి, హెచ్చరిక వ్రాసి మాడ్యూలును లోనికి రానిచ్చు పద్ధతితో సరిపెట్టుకొనిరి. నష్టభయమున్నను నడకను ఆపకుండుటయే మేలని ఆనాడు నిర్ణయమైనది.

ఆ ‘గుర్తు’ ఏమిటో కొంచెము వివరింపవలెను. ప్రతి మాడ్యూలులోను అది ఏ కెర్నెల్ సంచికకై, ఏ ఐచ్ఛికములతో కంపైలైనదో తెలుపు ఒక పంక్తి ఉండును. ఇది మొదటి కాపలా. రెండవది ఇంతకంటె సూక్ష్మమైనది. కెర్నెల్ బయటికి ఇచ్చు ప్రతి ఫంక్షనునకును, అది తీసికొను వివరముల రకములు, ఆ రకములలోని పట్టికలు, ఆ పట్టికలలోని గడులు అన్నిటిని కలిపి గుణించి ఒక సంఖ్యను కట్టుదురు. గడి యొకటి మారినను ఆ సంఖ్య మారును. మాడ్యూలు తనతో తెచ్చుకొన్న సంఖ్యయు, కెర్నెల్ వద్దనున్న సంఖ్యయు సరిపోలకున్నచో ప్రవేశము లేదు. తరగతి సగటు వయస్సు 150 అని వ్రాయు గుమాస్తాను వాకిటనే ఆపుటకిది చక్కని సాధనము. ఉపకరణము పనిచేయదు, అంతే, దత్తాంశము చెడదు.

కాని ఉపకరణము పనిచేయకుండుట కూడ చిన్న నష్టము కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణ, జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, కణ, అణుజీవశాస్త్ర కేంద్రము — ఇవన్నియు తార్నాక చుట్టును కొలది మైళ్ళలోనే ఉన్నవి. ఇట్టి ప్రాంతపు పరిశోధనశాల నొకదానిని ఊహింపుడు. పదేండ్ల క్రిందట కొన్న కొలత పరికరము బాగుగానే పనిచేయుచున్నది. దాని డ్రైవరును కంపెనీవారు మూలగ్రంథము లేకుండ, యంత్రభాషలో మాత్రమే ఇచ్చిరి. కంపెనీ ఆ నమూనాను ఏనాడో మానివేసినది. కెర్నెల్‌లో ప్రమాదకరమైన లోపము బయటపడి మరమ్మతు విడుదల వచ్చినది. మరమ్మతు చేసికొన్నచో పరికరము మూగవోవును. చేసికొననిచో దొంగలకు తలుపు తెరచియుంచినట్లే. చాలచోట్ల ఆ కంప్యూటరును వలయమునుండి విడదీసి, పాత కెర్నెల్‌తోనే మూలకు కూర్చుండబెట్టుదురు. దత్తాంశమును పెన్‌డ్రైవుతో మోసికొనిపోవుచుందురు. ఆ పెన్‌డ్రైవు ఏమేమి మోసికొని వచ్చునో వేరుగ చెప్పనక్కరలేదు. యంత్రమును, దాని ప్రోగ్రాములను ఒకే సంస్థ తయారుచేసిన కాలమున ఈ చిక్కు లేదు. హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. వారి టి.డి.సి.-12 వంటి యంత్రములలో అతుకునకు రెండు వైపుల నున్నవారును దాదాపు ఒకే ఇంటివారు.

ఈ ఇబ్బందిని తప్పించుటకు కొందరు పంపిణీదారులు తమంతట తాము వాగ్దానము చేయుచున్నారు. రెడ్ హ్యాట్ సంస్థ తన ప్రతి పెద్ద విడుదలకును కొన్ని ఫంక్షన్ల పట్టికను ప్రకటించి, ఆ విడుదల జీవితకాలమున అవి మారవని మాట ఇచ్చును. పట్టికలో లేనివానికి హామీ లేదు. మాట నిలుపుకొనుటకు వారు చేయు పనులు లాలాగూడ రేకువలయమును తలపించును. ముందుచూపుతో కొన్ని పట్టికల చివర ఖాళీ గడులను వదలియుంతురు. రేపు సవరణకు క్రొత్త గడి కావలసినచో ఆ ఖాళీలో నింపుదురు, పాత గడులు చోటుమారవు. ఖాళీ గడి లేనిచో పట్టికలోని సందులను వెదకుదురు. ఒక బైటు గడి తరువాత నాలుగు బైట్ల గడి వచ్చినచో, ప్రాసెసరు సౌకర్యమునకై కంపైలరు నడుమ మూడు బైట్లు వ్యర్థముగా వదలును. క్రొత్త చిన్న గడిని ఆ సందులో ఇరికింపవచ్చును. అప్పుడు కొలతలేవియు మారవు. కాని కాపలా సంఖ్య మాత్రము మారిపోవును! కాబట్టి సంఖ్యను కట్టు ప్రోగ్రామునకు ఆ క్రొత్త గడి కనబడకుండ కప్పిపుచ్చుదురు. కాపలావానిని తెలిసి తెలిసి మోసగించుట ఇది. చేయువాడు కొలతలు మారలేదని మరి రెండు మారులు చూచుకొని చేయవలెను.

ఆండ్రాయిడ్ ఫోనులలోను ఇదే కథ పెద్ద ఎత్తున నడచినది. ఫోను కంపెనీలు, చిప్పుల కంపెనీలు ఎవరి కెర్నెల్‌ను వారు మార్చుకొనుచుండుటచే, సవరణలు వాడుకరి చేతికి చేరుట దుర్లభమయ్యెను. ఆండ్రాయిడ్ 12తోను, 5.10 కెర్నెల్‌తోను వెలువడు ఫోనులు మొదలుకొని అందరును గూగులు నిర్మించు ఒకే సామాన్య కెర్నెల్‌ను వాడవలెననియు, తమ ప్రత్యేకతలను మాడ్యూళ్ళలోనే ఉంచుకొనవలెననియు నియమము వచ్చినది. ఒక్కొక్క శాఖలో కెర్నెల్‌కును మాడ్యూళ్ళకును నడుమ అతుకును గడ్డకట్టించి, ఆపై వచ్చు సవరణలను ఆ అతుకు కదలకుండ చేర్చుచున్నారు. ఇచటను ఖాళీ గడుల ఉపాయమే. ప్రధాన కెర్నెల్‌వారు ఇయ్యని హామీని నిలుపుటకై ఆ భారమును గూగులు ఇంజనీర్లు మోయుచున్నారన్నమాట. మరమ్మతు విడుదల యొక్కటి వచ్చినప్పుడెల్ల, అతుకును కదల్చు సవరణలను ఏరి, వానిని వేరొక విధముగ మరల వ్రాయవలసియుండును.

పట్టికలోని సందుల సంగతిని పాఠశాల కంప్యూటరు మీదనే విద్యార్థులు పరీక్షించి చూడవచ్చును. సి భాషలో ఒక ‘కార్’, ఒక ‘ఇంట్’ అను రెండు గడులతో ‘స్ట్రక్ట్’ నొకదానిని వ్రాసి, దాని పరిమాణమును ‘సైజ్‌ఆఫ్’తోను, ఇంట్ గడి దూరమును ‘ఆఫ్‌సెట్‌ఆఫ్’తోను అచ్చువేయుడు. ఒకటియు నాలుగును కలిసి ఐదు రావలెనని తోచును. సామాన్యముగా నేటి కంప్యూటర్లలో పరిమాణము 8 అని, దూరము 4 అని వచ్చును. ఇప్పుడు మొదటి కార్ ప్రక్కనే మరొక కార్‌ను చేర్చి చూడుడు: 8, 4 అను అంకెలు రెండును మారవు. ఆ రెండవ కార్‌ను తీసి, దాని స్థానమున ఒక ఇంట్‌ను చేర్చి చూడుడు: పరిమాణము 12 అగును, వెనుకటి ఇంట్ దూరము 4 నుండి 8కి జరుగును.